నిద్రనీళ్ళ మేలుకొలుపు

పొట్టి రూపు దాల్చి భూమిని మింటిని
కొలిచినట్టి దేవ! కొలుతు నిన్ను;
కొద్దియైన నేమి, కొదవ గాదని మాకు
తెలియజేయుమయ్య తేటగాను.

మూడడుగుల నేల అడగడానికి మరుగుజ్జుగా వచ్చి, ముల్లోకాలూ నిండి నిలిచిన ఆ స్వామి పాదాలకు మ్రొక్కి కథను అందుకుందాం.

కిందటివారం మనం తూర్పువీధుల చివరి కుళాయి దగ్గర ఆగాం. రెండు లక్షల మంది కోసం కట్టిన ఊరది. నేడు అందులో ఉన్నది అరవైవేల మంది. దండు వచ్చి కొట్టలేదు, కరువు వచ్చి తరమలేదు. ఇంటింటా ఊయలలు తగ్గాయి, అంతే. ఇది ఆ ఒక్క ఊరి గతి అయితే దానికే ఏదో శాపం తగిలిందని సరిపెట్టుకోవచ్చును. కాని సముద్రాలకు ఇవతలా అవతలా దేశాలన్నీ ఆ మెట్లే దిగుతున్నాయి, కొన్ని ముందుగా, కొన్ని వెనుకగా.

మనుషులు తగ్గారు గాని గొట్టాలు తగ్గలేదు. తాతల కాలంలో నేలలో పాతిన ఇనుప గొట్టాలు పసిబిడ్డ పాకిపోగలిగినంత వెడల్పువి. వాడేవారు లేక వాటిలో నీళ్ళు రోజుల తరబడి నిలిచిపోతాయి, శుద్ధి కోసం కలిపిన మందు సత్తువ ఉడుగుతుంది, తుప్పు దిగుతుంది, కుళాయికి చేరేసరికి ఆ నీరు తాగరానిదవుతుంది. నీళ్ళశాఖ పనివాళ్ళు దానికి పెట్టుకున్న పేరు నిద్రనీళ్ళు.

ఆ నిద్రనీళ్ళ కారణంగానే పట్టణసభ ఒక తీర్మానం చేసింది. పదకొండు తూర్పువీధులను మూసివేసి, అక్కడి నాలుగువందల పన్నెండు కుటుంబాలను ఊరి నడుమకు తరలించాలని. నీళ్ళశాఖ ఇంజనీరమ్మ అడ్డుపడి ఆరు నెలల గడువు అడిగింది. పెద్ద గొట్టాన్ని తవ్వి తీయకుండా, దాని లోపల నుండే పిడికిలి పట్టేటంత సన్నని గొట్టాన్ని దూర్చుకుంటూ పోయింది. సన్నని గొట్టంలో కొద్ది నీరైనా పరుగెత్తుతుంది, నిద్రపోదు. చివరి కుళాయి నీటిలో పరీక్షమాత్ర వేస్తే గులాబి రంగు రావాలి. వస్తే మందు సత్తువ నిలిచి ఉన్నట్టు, వీధులు నిలిచినట్టు. గడువు చివరిరోజు ఉదయం పరీక్షకురాలు గాజుగొట్టంలో ఆ నీరు పట్టి మాత్ర వేసింది. మాత్ర కరిగింది. నీరు మాత్రం మునుపు ఎలా ఉందో అలాగే, తెల్లగా ఉండిపోయింది.

అక్కడ ఆగాం. ఇప్పుడు మధ్యాహ్నం ఒంటిగంటన్నర.

*

చివరి కుళాయి రొట్టెల దుకాణం వెనుక పెరట్లో ఉంది. పెరడంటే పెద్దదేమీ కాదు: పిండి బస్తాలు వేసుకునే రేకుల కొట్టం, పొగగొట్టం మసి పట్టిన గోడ, ఆ గోడకు బిగించిన ఇత్తడి కుళాయి, దాని కింద అంచులు అరిగిన సిమెంటు తొట్టి. ముప్పై నలభై మంది ఆ కాస్త చోటులోనే గోడల పొడుగునా నిలబడి ఉన్నారు. ఒకరి చేతిలో బిందె, ఒకరి చేతిలో సీసా. పట్టుకోవడానికి కాదు. ఉదయం తెచ్చుకున్నవి, ఉత్త చేతులతో ఇంటికి వెళ్ళబుద్ధికాక పట్టుకుని నిలబడ్డారు.

తిరగవేసిన చెక్కపెట్టె మీద జనాభా లెక్కల అధికారి ఒడిలో దస్త్రం పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. మూసివేత పథకం గీసిన చెయ్యి అతనిదే. ఇంజనీరమ్మ అక్కను చేసుకున్న బావ కూడా అతనే.

“నాలుగింటికి అధ్యక్షురాలు సంతకం పెడతారు,” అన్నాడు బావ, కళ్ళజోడు తుడుచుకుంటూ. “పెట్టమని నేను చెప్పలేదు. వద్దనీ చెప్పలేదు. నా పని లెక్క చెప్పడం.”

“మీ లెక్క నాకు కంఠతా వచ్చు బావా. ఇద్దరు పోతే వాళ్ళ వెనక ఒకటిన్నర. ఆ ఒకటిన్నర పోతే ఇంకాస్త తక్కువ. పెళ్ళయినప్పట్నుంచీ మా అక్కకి అదేగా జోలపాట.”

ఆ మాటకు లేచినదే పెరట్లో ఆ రోజు వినపడిన మొదటి నవ్వు. బావ కూడా నవ్వాడు గాని, దస్త్రం మాత్రం మూయలేదు.

“నవ్వితే జనాభా గీత పైకి లేవదు మరదలా. ఇది మన ఊరి గీత కాదు, భూమి మీద ఉన్న అందరి గీత. ఎవడికి వాడు తన ఊరు తప్పించుకుంటుందనుకుంటాడు. ఉన్న కొద్దిమందినీ ఒక్క దగ్గర చేరిస్తే బస్సు నిలుస్తుంది, ఆసుపత్రి నిలుస్తుంది, బడి నిలుస్తుంది. ఇలా నలుగురిక్కడ నలుగురక్కడ ఉంటే ఏదీ మిగలదు. నేనేమన్నా మీకు శత్రువునా?”

“శత్రువువి కాదయ్యా, శత్రువైతే రొట్టె పెట్టేదాన్ని కాదు,” అంది దుకాణం యజమానురాలు, తలుపు దగ్గరి నుంచి. ఊరందరికీ ఆమె రొట్టెలావిడ. మోచేతుల దాకా పిండి. “చేరుస్తా చేరుస్తా అంటావు. నా పొయ్యిని కూడా చేరుస్తావా? ముప్పై రెండేళ్ళుగా ఆరని పొయ్యి. దాన్ని విప్పితే నీకు మిగిలేది పొయ్యి కాదు, ఇటుకలు.”

“కొత్త పొయ్యి కట్టిస్తాం అమ్మా.”

“కొత్త నన్ను కూడా కట్టించు మరి!”

ఇంజనీరమ్మ నవ్వలేదు. ఆమె వయస్సు నలభై ఆరు. ఆరు నెలలుగా తలకు గుడ్డ చుట్టుకుని గోతులలో దిగి, గోతులలోనే అన్నం తిన్న మనిషి. ఆమె బావ ఎదుటికి వచ్చి, అతని కళ్ళలోకి చూస్తూ నెమ్మదిగా అంది:

“నేను గీతని ఎదిరించడం లేదు బావా. తగ్గుతున్నాం. ఒప్పుకుంటున్నా. మనింట్లోనే చూడండి. అమ్మమ్మకి తొమ్మిది మంది. అమ్మకి మేమిద్దరం. అక్కకి ఒక్కతి. నాకు నేనే. అందుకు నేనెవరికీ క్షమాపణ చెప్పను. కానీ తగ్గడమూ ఒక పనే కదా! ఊరు పెంచడానికి మనవాళ్ళు అరవయ్యేళ్ళు ఒళ్ళు హూనం చేసుకున్నారు. తగ్గించుకోడానికి మనం ఆరు నెలలు వంగితే తప్పొచ్చిందా? మెట్ల మీంచి దొర్లి పడక్కర్లేదు. చేయి పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగొచ్చు.”

గోడ పక్కన ఉన్నవాళ్ళు కొందరు తలలూపారు. బావ ఉదయం పరీక్ష చేసిన గాజుగొట్టాన్ని తీసి వెలుగులోకి ఎత్తి పట్టుకున్నాడు.

“మాట బావుంది అమ్మాయ్. నిజంగా బావుంది. నీళ్ళు తెల్లగా ఉన్నాయి.”

శుద్ధికేంద్రంలో మందు సరిగ్గానే పడుతోంది, ఇంజనీరమ్మ రెండుసార్లు చూసి వచ్చింది. సన్న గొట్టంలో అతుకులు ఊడలేదు. కుళాయిలో ధార బాగానే ఉంది. అన్నీ సక్రమంగానే ఉన్నాయి. ఫలితం మాత్రం తలకిందులుగా ఉంది. ప్రశ్నకు జవాబు రాకపోతే ప్రశ్నపత్రం తప్పని వాదించే మనిషి కాదామె. తప్పు తనదేనని తెలుసు. ఎక్కడుందో తెలియదు.

*

అప్పుడు వీధి మలుపులో రొట్టెల బండి చప్పుడైంది.

బండిని తోస్తున్నది రొట్టెలావిడ పెనిమిటి. రొట్టెలు ఉండవలసిన చోట, దుప్పటి మడత మీద కాళ్ళు చాపుకుని, ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. ఒడిలో గజమున్నర పొడవు ఇనుప కడ్డీ. దాని పై చివర గుండ్రని చెక్క గిన్నె. నేలలో పాతిన గొట్టం మీద కడ్డీ ఆనించి, ఆ గిన్నెకు చెవి పెడితే లోపల నీళ్ళ నడక వినపడుతుంది. నలభై యేళ్ళు అదే కడ్డీతో నీళ్ళశాఖలో ఫిట్టరుగా పనిచేసిన ఆ ముసలాయనను ఊళ్ళో చెవుల తాత అంటారు. ఇంజనీరమ్మకు స్వయానా మేనమామ.

ఆరు నెలలుగా ఆయన ఆమెతో మాట్లాడలేదు. సన్న గొట్టం సంగతి విన్ననాడు ఆయన అన్నమాట ఊరంతా పాకింది: “మా చేతులతో వేసిన గొట్టాన్ని సూదిబెజ్జం చేస్తుందట, నా మేనకోడలు!” ఊరు పొంగిపొరలుతున్న రోజులలో వేసిన గొట్టాలవి. అవి సన్నబడడమంటే, తన యౌవనాన్ని ఎవరో కత్తిరించి పక్కన పడేసినట్టే ఆయనకు తోచింది.

“ఎవరు తీసుకురమ్మన్నారు ఈయన్ని?” అంది ఇంజనీరమ్మ.

“నేనే,” అంది రొట్టెలావిడ. “అలిగినవాళ్ళని బతిమాలడానికి చదువుకున్నవాళ్ళకి తీరికుండదు. నాకుంది.”

ముసలాయన బండి దిగాడు. దిగడానికి ఇద్దరు పట్టుకోవలసి వచ్చింది. దిగినాక ఇద్దరినీ విదిలించేశాడు.

“ఏమే కోడలా! గుక్కెడు నీళ్ళకి మామయ్య కావాల్సొచ్చాడా?”

“నేను పిలవలేదు మామయ్యా.”

“తెలుసు. పిలిస్తే వచ్చేవాణ్ణి కాదు. పిలవలేదని వచ్చాను.” ఆయన బావవైపు తిరిగాడు. “అల్లుడుగారూ, దణ్ణం. ఈ పూటకి ఊళ్ళో ఇంకా మనుషులు మిగిలే ఉన్నారా, లెక్క అయిపోయిందా?”

“మీరొక్కరు వంద పెట్టు మామయ్యగారూ. నా లెక్క చెడగొట్టకండి.”

“ఎక్కడ చెడిందో అదే చూద్దామని.” ముసలాయన కడ్డీ నేలకు తాటించి అడుగు వేశాడు. “పదండి. గొట్టం మొదలెక్కడ?”

ఆ గొట్టం తూర్పువీధులలోకి మళ్ళే చోట, మూడు దారుల కూడలిలో, ఒక ఇనుప మూత ఉంది. దాని కింద ఏడో నంబరు వాల్వు. అందరూ వెంట నడిచారు. మూత ఎత్తారు. ముసలాయన మోకాళ్ళ మీద కూలబడి, కడ్డీ వాల్వు తలకు ఆనించి, గిన్నెకు చెవి పెట్టి కళ్ళు మూసుకున్నాడు. ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు. ఎండలో ఆయన నుదుటి మీద చెమట బొట్టు ముక్కుకొన దాకా జారి, అక్కడే వేలాడింది. ఆయన దాన్ని తుడుచుకోలేదు.

“ఇక్కడ నీళ్ళు నడవడం లేదు,” అన్నాడు చివరికి. “నిలబడ్డాయి.”

“ఉండదు మామయ్యా. పూర్తిగా తెరిచి ఉంది. దగ్గరుండి నేనే తిప్పించాను. ఇరవై రెండు చుట్లు, లెక్కపెట్టి.”

“ఎటు?”

“ఎటేమిటి? ఎడమకి. తెరవడమంటే ఎడమకే కదా!”

ముసలాయన కళ్ళు తెరిచాడు. ఆమెను చూశాడు. పక్కన నిలబడిన ఇద్దరు ఫిట్టర్లను చూశాడు. తరువాత కడ్డీ కింద పెట్టేసి, రెండు చేతులూ నేలమీద ఆనించి నవ్వడం మొదలుపెట్టాడు. దగ్గు వచ్చేదాకా నవ్వాడు.

“ఇరవై రెండు చుట్లు! లెక్కపెట్టి మరీ! ఒసే పిచ్చిదానా, లెక్కపెట్టి మూశావే దాన్ని!”

“మూశానా?”

“ఈ వాల్వు కుడికి తెరుచుకుంటుంది. తూర్పు పని చేసిన ఏడాది ఊరు ఎంత జోరుగా పెరిగిందో నీకేం తెలుసు! వారానికో వీధి. మన కార్ఖానాలో వాల్వులు చాలలేదు. ఎక్కణ్ణుంచో ఒక్కటి తెప్పించారు. అదేమో ఎడ్డెమంటే తెడ్డెం రకం. అది వచ్చి కూర్చుంది ఇక్కడ.”

ఇంజనీరమ్మ మెల్లగా నేలమీద కూర్చుండిపోయింది. అన్నీ ఒక్కటొక్కటిగా కలిసివస్తున్నాయి. పని మొదలుపెట్టిననాడు ఈ వాల్వును మూయబోతే కుడికి కదలలేదు. ముందే ఎవరో మూశారనుకున్నారు. నిజానికి అది అప్పటికే తెరిచి ఉంది; దాని పైనున్న వాల్వు కూడా కట్టి ఉండడంతో ఆ సంగతి బయటపడలేదు. పని ముగిసినాక తెరవబోయి, ఎడమకు తిప్పి మూశారు. కొత్త గొట్టంలోకి చుక్క రావడం లేదు. చివరి కుళాయికి వస్తున్న నీరంతా ఉత్తరపు పాత గొట్టంలోంచి చుట్టు తిరిగి, దారిపొడుగునా నిద్రపోయి వస్తోంది.

“పటంలో ఎక్కడా రాసి లేదు మామయ్యా. పటాలన్నీ చూశాను.”

“రాసే తీరికెవరికుంది? నాకు తెలుసు, మేస్త్రీకి తెలుసు. చాలనుకున్నాం. మేస్త్రీ పోయాడు. నేను అలిగాను.” ముసలాయన గొంతు తగ్గింది. “పెరిగే ఊళ్ళో అడిగితే చెప్పేవాడు ప్రతి మలుపులోనూ ఉంటాడే. ఎవడూ ఏదీ రాసిపెట్టడు.”

బావ దస్త్రం తెరిచి ఆ మాట రాసుకున్నాడు.

“తప్పు నాదే,” అంది ఇంజనీరమ్మ అందరూ వినేటట్టు. “నీళ్ళది కాదు, గొట్టానిది కాదు, వీధులది అసలే కాదు. నేను మూశాను. గంటెంతయింది?”

“రెండూ ఇరవై,” అన్నాడు బావ.

ఆమె లేచింది.

*

వాల్వు తిప్పడానికి పొడవాటి ఇనుప తాళంచెవి ఉంటుంది; పైన అడ్డకర్ర, ఇద్దరు చెరొక వైపూ పట్టుకుని తిరగాలి. ఫిట్టర్లు పట్టారు. కుడికి. మొదటి చుట్టు పడడానికే నిమిషం పట్టింది. నాలుగు, అయిదు, ఆరు. ముసలాయన మోకాళ్ళ మీదే ఉండి, గిన్నెకు చెవి పెట్టి, చేతివేళ్ళతో నేల మీద దరువు వేస్తున్నాడు. తొమ్మిదో చుట్టు దగ్గర బిగుసుకుంది. ఇంజనీరమ్మ ఒకవైపు చేయి వేసింది. రెండోవైపు ఎవరో చేయి వేశారు. చూస్తే బావ.

“మీరేంటి బావా? మీ పథకం పోతుంది.”

“తప్పు లెక్క మీద నెగ్గితే నాకు నిద్ర పట్టదే. తిప్పు.”

పది. పదకొండు. నేల అడుగున ఎక్కడో పెద్ద మృగం ఒళ్ళు విరుచుకున్నట్టు ఒక మూలుగు వినపడింది. ఆ వెంటనే సన్నని, ఎడతెగని ఈల. కడ్డీ అవసరం లేకుండానే అందరూ విన్నారు.

“మేలుకుంది,” అన్నాడు ముసలాయన.

ఇరవై రెండో చుట్టు పూర్తయ్యాక, కూడలికి పది గజాల దూరంలో ఇంకా పూడ్చని గోతి దగ్గరికి ఆయనను పట్టుకుని తీసుకువెళ్ళారు. అక్కడ పెద్ద గొట్టం నోరు తెరుచుకుని ఉంది. దాని నడుమ నుంచి నీలంరంగు సన్న గొట్టం సాగిపోతోంది. ముసలాయన వంగి ముందు ఇనుమును తడిమాడు. అది తాను దించినదే. తరువాత లోపలి నీలాన్ని తడిమాడు. చల్లగా వణుకుతోంది, నీటి పరుగుకు.

“పెద్దదాన్ని తవ్వి పారేశావనుకున్నానే.”

“పారేస్తానా మామయ్యా? అది లేకపోతే దీనికి దిక్కెవరు? మట్టి బరువూ బండ్ల బరువూ అంతా అదే మోస్తోంది.”

“కడుపులో పెట్టుకుంది,” అన్నాడు ఆయన తనలో తాను. మళ్ళీ అన్నాడు, ఈసారి వినేవాళ్ళ కోసం: “మా గొట్టం దీన్ని కడుపులో పెట్టుకుందిరా!” ఆరు నెలల అలక ఆ ఒక్క మాటతో దిగిపోయింది. ఆయన మేనకోడలి తలకు చుట్టిన మట్టిగుడ్డ మీద అరచేయి వేసి అలాగే ఉంచాడు. ఆమె వంగిన తల ఎత్తలేదు.

బావ గడియారం చూసుకుంటున్నాడు. “ఒక సంగతి చెప్పు. పాత గొట్టమే అయితే ఇక్కడ బయలుదేరిన నీళ్ళు ఆ చివరి కుళాయికి ఎప్పుడు చేరేవి?”

“ఇప్పుడున్న జనానికా? నాలుగు రోజులకి.”

“ఇందులో?”

“కుళాయి బార్లా వదిలేస్తే అరగంట.”

నాలుగు రోజులు, అరగంట. బావ ఆ రెండు అంకెలనూ దస్త్రంలో పక్కపక్కన వేసుకున్నాడు.

*

మూడున్నరకు పట్టణసభ అధ్యక్షురాలు వచ్చింది. ఒకప్పుడు బడిలో పంతులమ్మ. ఇప్పటికీ ఆమె వస్తే జనం తెలియకుండానే వరసలో నిలబడతారు. చేతిలో మూసివేత ఉత్తర్వు ఉంది. సంతకం చోటు ఖాళీగా ఉంది.

పెరట్లో కుళాయి గంటసేపటి నుంచి ధారగా పోతోంది. తొట్టి పొర్లి, కాలువ కట్టి, రొట్టెలావిడ గుమ్మం దాకా వచ్చింది. “తుడిచేవాళ్ళెవరు?” అంటూనే ఆమె చీపురుతో నీటికి దారి చేస్తోంది.

పరీక్షకురాలు గాజుగొట్టం మూడుసార్లు కడిగింది. నాలుగోసారి గీత దాకా పట్టింది. మాత్ర వేసి, బిరడా బిగించి, తలకిందులు చేసింది.

మొదట ఏమీ కాలేదు. మాత్ర అడుగున పడి, బుడగలు వదులుతూ చిన్నబడుతోంది. రొట్టెలావిడ కళ్ళు మూసుకుంది. ఇంజనీరమ్మ మూయలేదు. అప్పుడు మాత్ర చుట్టూ ఒక పొగలాంటి చాయ లేచింది. అది మెల్లగా పైకి పాకి, అంచులకు తగిలి, గాజంతా నిండింది. తెల్లవారుజామున తూర్పుదిక్కు మొదట పూసుకునే ఎరుపు ఎటువంటిదో, ఆ రంగు.

“గులాబీ,” అంది పరీక్షకురాలు. ఉద్యోగ ధర్మంగా గొంతులో ఏ భావమూ లేకుండా చెప్పాలనుకుంది; చేతకాలేదు. “గులాబీ అండీ! నిండు గులాబీ!”

ఆ మాటకు పెరడు దద్దరిల్లింది. బిందెలు మోగించినవారు, పక్కవారిని కౌగిలించుకున్నవారు, ఎవరిని కౌగిలించుకోవాలో తెలియక గోడను కౌగిలించుకున్నవారు. ఉదయం నుంచి ఉత్త బిందె మోస్తున్న పెద్దావిడ తిన్నగా వెళ్ళి కుళాయి కింద పెట్టి, నిండాక అక్కడే ఎత్తి గడగడా తాగేసింది. ముసలాయనను మళ్ళీ రొట్టెల బండి ఎక్కించి ఊరేగిస్తామన్నారు. “బండి విరిగితే రొట్టెలు మీ నెత్తిన మోయాలి!” అని రొట్టెలావిడ అరిచింది. ఎవరూ వినలేదు.

అధ్యక్షురాలు గాజుగొట్టం తీసుకుని బావకు ఇచ్చింది. “మీరు చెప్పండి. మీ లెక్క తప్పిందా?”

బావ దానిని తెల్ల కాగితం ముందు పెట్టి, రంగుల పట్టీతో మూడుసార్లు పోల్చి చూశాడు. ఎక్కడా తొందరపడలేదు.

“తప్పలేదండి. మనుషులు తగ్గుతారు. మన మనవల కాలానికి ఇంకా తగ్గుతారు, ఇక్కడా, అన్నిచోట్లా. అందులో నేనొక్క అంకె మార్చను.” అతను కళ్ళజోడు తీశాడు. “కానీ తగ్గినవాళ్ళకి నీళ్ళు అందవని రాశాను చూడండి, అది లెక్క కాదు. అది నా భయం. దాన్ని కొట్టేస్తున్నాను.”

ఉత్తర్వు మీద అడ్డంగా గీత గీసింది అతనే. ఆ కొట్టివేత కింద సంతకం పెట్టింది అధ్యక్షురాలు. తరువాత ఆమె పంతులమ్మ గొంతుతో ఆజ్ఞలు ఇచ్చింది. ఇంజనీరమ్మ ఊరంతటికీ సన్న గొట్టాల పటం గీయాలి. ముసలాయన తన తలలో ఉన్న ప్రతి వాల్వునూ, ప్రతి మలుపునూ చెప్పాలి. లెక్కల అధికారి కూర్చుని రాయాలి.

“ఈయన చెబుతుంటే నేను రాయాలా?” అన్నాడు బావ.

“అక్షరాలు గుండ్రంగా రాయండి అల్లుడుగారూ,” అన్నాడు ముసలాయన బండి మీంచి. “నాకు చూపానదు.”

“మనలాంటి ఊళ్ళు ఎన్నున్నాయో లోకంలో!” అంది అధ్యక్షురాలు. “ప్రతివాళ్ళూ తామే మొదట ఆరిపోతున్నామని దిగులుపడుతూ కూర్చుని ఉంటారు. రాసింది వాళ్ళందరికీ పంపుదాం. ఎలా తగ్గాలో ముందు మనం నేర్చుకున్నామని చెబుదాం.”

ఇంజనీరమ్మ అప్పుడు నవ్వింది. ఆరు నెలలలో ఆమె పళ్ళు కనిపించడం అదే మొదలు. మట్టి పూసుకున్న మొహంలో అవి ఎంత తెల్లగా మెరిశాయంటే, చూసినవారికి ఆమె వయస్సు ఇరవై యేళ్ళు వెనక్కి పోయినట్టు తోచింది.

సరిగ్గా ఆ సమయంలోనే వీధి చివర నుంచి ఫిట్టర్లలో ఒకడు పరుగెత్తుకుంటూ వచ్చాడు.

“అమ్మా! పన్నెండో వీధి మీటరు తిరుగుతోందమ్మా!”

నవ్వులు సన్నగిల్లాయి. తూర్పున మనుషులున్నవి పదకొండు వీధులే. పన్నెండోది ఖాళీ అయి ఎనిమిదేళ్ళు. తలుపులకు పలకలు కొట్టి, దీపాలు తీసివేసి, పథకంలోంచి కూడా వదిలేసిన వీధి అది. గొట్టం మాత్రం కొత్తదానికే కలిసి ఉంది.

“ఎక్కడో పగిలి ఉంటుంది,” అంది ఇంజనీరమ్మ, నడుస్తూనే. “ఇన్నాళ్ళకి ఒత్తిడి తగిలింది కదా.”

మీటరు గుంట దగ్గర ఇంజనీరమ్మ, బావ, ఫిట్టరు వంగి చూశారు. ముల్లు చకచకా తిరుగుతోంది. చూస్తుండగానే నెమ్మదించింది. ఆగిపోయింది. మళ్ళీ కదిలింది, ఒక బిందె నిండేంతసేపు తిరిగి, మళ్ళీ ఆగింది.

వెనక తోసుకొచ్చిన బండి మీంచి ముసలాయన అన్నాడు, చాలా మెల్లగా:

“పగిలిన గొట్టం తనంతట తాను కట్టేసుకోదే.”

బావ దస్త్రం తెరిచాడు. తన చేతిరాతతో తానే వేసిన పన్నెండో వీధి పేజీ. ఇళ్ళు, ముప్పై నాలుగు. మనుషులు, సున్న. అతను తల ఎత్తేసరికి, పలకలు కొట్టిన ఆ వీధిలో, ఎడమవైపు మూడో ఇంటి గుమ్మం ముందు, తడి అడుగులు కనిపించాయి. పెద్దవి రెండు. వాటి పక్కన, అరచేయంత చిన్నవి, లెక్కలేనన్ని.

*

ఈ కథను చదివినవారికి, విన్నవారికి, చూపు ఆనక పక్కవారి చేత చదివించుకున్నవారికి, ఇంట పదిమంది ఉన్నవారికి, ఒంటరిగా ఉన్నవారికి, ఏ దస్త్రంలోనూ పేరు లేనివారికి సైతం, దాహం వేళకు తేటనీరూ, పిలిస్తే పలికే ఒక గొంతూ ఎన్నడూ కరవు కాకుండుగాక.